కొలతబద్దగా నిలబడ్డ ఆదివారాలు

మలేసియాలో ఎడారి ఉందని చెబితే ఇండియాలో మిగిలిన మా చుట్టాలు నవ్వుతారు. నవ్వడం న్యాయమే. ఏడాదిలో సగం రోజులు మధ్యాహ్నం అయ్యేసరికి కుండపోతగా వాన పడే దేశంలో ఎడారి ఏమిటి? కానీ ఇపో ఊరి బయట స్టేట్ పార్కు వాళ్ళు ఒక గేటు కట్టి, లోపలికి చెక్క బాట వేసి, ఇది ఎడారి అని మూడు భాషల్లో బోర్డు రాయించారు. గేటు దాటగానే ఫైబరుతో చేసిన ఒంటె ఒకటి ఎదురవుతుంది. దాని మూపురం మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీస్తారు. నేను వెళ్ళిన రోజు దాని చెవిలో పిచుక గూడు పెట్టుకుంటోంది. ఆ పార్కు మొత్తంలో తాను ఏం పని మీద వచ్చిందో తెలిసిన ప్రాణి అదొక్కటే అనిపించింది.

నన్ను క్లాంగ్ నుంచి అక్కడికి తీసుకెళ్ళింది మా తమ్ముడి కూతురు ప్రియ. బ్యాంకులో మంచి ఉద్యోగమే చేస్తుంది గానీ, ఆదివారం వచ్చిందంటే ఫోన్ పట్టుకుని ఊళ్ళ మీద పడుతుంది. తిన్నదానికీ తిరిగినదానికీ ఫోటో లేకపోతే తిన్నట్టూ కాదు, తిరిగినట్టూ కాదు. తెలుగంతా అర్థమవుతుంది. మాట్లాడమంటే మాత్రం నాలుగు మాటల్లో రెండు ఇంగ్లీషు, ఒకటి తమిళం, మిగిలిన ఒక్క తెలుగు మాటకీ చివర 'లా' అని మలయ్ తోక. మధ్యాహ్నం భోజనాల లోపే అది రెండు వందల ఫోటోలు తీసింది. వాటిలో రాయి ఉన్నవి ఎన్నో నేను చూడలేదు గానీ, ప్రియ లేనిది మాత్రం ఒక్కటీ ఉండదు.

ఆ ఎడారి దేవుడు చేసినది కాదు. ఒకప్పుడు అక్కడ అడవి ఉండేది. తగరం కోసం వచ్చినవాళ్ళు గొట్టాలతో నీళ్ళు కొట్టి నేలనంతా కరిగించి, ఆ బురదలోంచి తగరం ఏరుకుని, కడిగిన తెల్ల ఇసకను మైళ్ళ పొడవునా పారబోసి పోయారు. మట్టి కొట్టుకుపోయాక దాని కింద ఎన్ని యుగాల నుంచో పడి ఉన్న సున్నపురాళ్ళు బయటపడ్డాయి. కొన్ని మనిషంత ఎత్తు, కొన్ని రెండంతస్తుల మేడంత. నీళ్ళు తినేసిన రాళ్ళు కాబట్టి అంచులు కత్తుల్లా ఉంటాయి, నడుములు సన్నగా ఉంటాయి. చిన్నప్పుడు మేమున్న ఇంటి వెనక మట్టిరోడ్డు ఎక్కడ ఆగేదో అక్కడ ఆ ఇసక మొదలయ్యేది. మలయ్ వాళ్ళు దాన్ని ఎడారి అనేవారు. మేము ఉత్త 'ఇసక' అనేవాళ్ళం. ఇసకలోకి పోయినాడు అంటే మా పెదనాన్న ఇంట్లో లేడని అర్థం. ఇప్పుడు ప్రతి రాతికీ పేరు పెట్టారు. ఒకటి ఏనుగు తొండం, ఒకటి తల్లీబిడ్డ, ఒకటి ప్రేమికుల రాయి. ప్రేమికులెవరో నాకు తెలియదు. మా రోజుల్లో అక్కడికి వచ్చేవి మేకలు.

ఆ ప్రేమికుల రాయి దగ్గర ఒక పెద్ద పలక నిలబెట్టి ఉంది. దాని మీద పాత నలుపు తెలుపు ఫోటో ఒకటి పెద్దది చేసి అతికించారు. ఫోటోలో ఒక రాతిస్తంభం. దాని పక్కన, మనిషి ఉండవలసిన చోట, ఆడపిల్ల ఆకారంలో కంత. రెండు జడలు, మోకాళ్ళ దాకా గౌను, శరీరానికి అంటిపెట్టుకున్న చేతులు, అన్నీ గీసినట్టు తెలిసిపోతున్నాయి. జనం వరస కట్టి ఒక్కొక్కరూ ఆ కంతలో నిలబడి ఫోటో తీయించుకుంటున్నారు. పొట్ట పట్టని మగవాళ్ళు తల ఒక్కటే దూర్చి పళ్ళికిలిస్తున్నారు. ప్రియ నా చెయ్యి పట్టుకుని లాగింది.

"అత్తా, నువ్వు కూడా నిలబడు లా. జస్ట్ వన్."

నేను నిలబడలేదు. ఎండగా ఉందని సాకు చెప్పి, పక్కనే ఉన్న చల్లటి గదిలోకి వెళ్ళాను. అదొక చిన్న మ్యూజియం లాంటిది. అక్కడ అద్దం వెనక అసలు ఫోటోలు మూడు వేలాడుతున్నాయి. మూడింటికీ కంతలే. కంత వెనక దీపం పెట్టారు. పక్కన రాసిన మాటల సారాంశం ఇది: ఫోటోలు తీసిన కళాకారుడెవరో తెలియదు, ప్రకృతి ముందు మనిషి ఎంత శూన్యుడో చెప్పడానికి ఆయన మనిషిని చిత్రంలోంచి కావాలనే తొలగించాడు, ఇది ఆ కాలానికి చాలా సాహసం. రెండుసార్లు చదివాను. ఇంత తెలివి తక్కువ మాట ఇంత అందమైన అక్షరాల్లో నేను మునుపెన్నడూ చదవలేదు. ఆ ఫోటోలు తీసింది మా పెదనాన్న సింహాద్రి నాయుడు. ఆయన కళాకారుడు కాడు, గని ఆఫీసులో కిరాణి, అంటే గుమాస్తా. మనిషిని తొలగించింది ఆయన కాదు. తొలగిపోయిన మనిషిని నేను.

ఆయన పేరు ఆ గోడ మీద ఉండాలనిపించింది. నా వయసులో కోరికలు పెద్దగా ఉండవు, ఉన్నా మోకాళ్ళకు సంబంధించినవే. ఇది మాత్రం గట్టిగా పట్టుకుంది. అయితే ఫోటోలు ఆయనవేనని చెప్పాలంటే ఆ కంత ఎవరిదో చెప్పాలి. ఎవరిదో చెప్పాక ఎలా వచ్చిందని అడుగుతారు. ఆ సంగతి నేను మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనకైనా సగమే చెప్పాను.

పెదనాన్న మా ఇంట్లోనే ఉండేవాడు. నాన్న ఎస్టేటు ఉద్యోగం మీద వారమంతా తెలుక్ ఇంటాన్ వైపు ఉండిపోయేవాడు కాబట్టి ఇంట్లో మగదిక్కు ఆయనే. ఆదివారం పొద్దున్నే నువ్వులనూనె రాసుకుని తలంటుకునేవాడు. చద్దన్నంలో నెత్తళ్ళ వేపుడు నంజుకుని, రేకు గ్లాసు నిండా పాలు లేని కాఫీ తాగేవాడు. ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, తలమీద గట్టి టోపీ. పోయేది ఇసకలోకే అయినా బూట్లకు పాలిష్ పెట్టకుండా గడప దాటేవాడు కాడు. దేశం వదిలి పోతూ ఒక తెల్ల ఇంజనీరు ఇచ్చిన మడతపెట్టే కెమెరా ఆయన ఆస్తి. దాని అద్దాన్ని పాత పంచె ముక్కతో తుడిచేవాడు, మమ్మల్ని ఊపిరి కూడా తగలనిచ్చేవాడు కాదు. ఇన్ని సంబరాలు చేసి తీసేది వారానికి రెండు ఫోటోలు. ఫిల్ములో ఎనిమిదే ఉండేవి. ఒక ఫిల్ము నెలకు సరిపోయేది.

మొదట్లో ఆయన రాళ్ళ పక్కన రంగు వేసిన కర్ర పాతి ఫోటో తీశాడట, ఎత్తు తెలియడానికి. తెల్ల రాయి, తెల్ల ఇసక, తెల్లటి ఎండ, వాటి మధ్య కర్ర ఆనలేదు. నా నీలం స్కూలు గౌను ఆనింది. అప్పటి నుంచి నేనే కొలతబద్ద. పధ్నాలుగో ఏట మొదలై మూడేళ్ళకు పైగా ఆదివారాలన్నీ అలా గడిచాయి. నల్లటి రెండు జడలు, నీలం గౌను, రాతికి ఒక అడుగు దూరం, మడమలు కలిపి నిలబడాలి. కెమెరా వైపు చూడకూడదు. నవ్వకూడదు. ఒకసారి నవ్వితే ఆయన కెమెరా దించేశాడు.

"నువ్వు నవ్వితే సూసినోడి కన్ను నీ మీదకే పోతాది వరాలూ. రాయి ఎత్తు ఎవుడికీ అక్కర్లేదు."

మబ్బు కోసం కాచుకోవాలి. నిండు ఎండలో రాతి మడతలు పడవని చెప్పేవాడు. ఆ మబ్బు గంటకైనా రావచ్చు, రాకపోనూవచ్చు. ఇసక చెప్పుల్లోంచి కాలేది. మెడ మీద చెమట కారేది. ఆయన పెన్సిల్ చెవిలో పెట్టుకుని చిన్న పుస్తకంలో నంబరు రాసేవాడు, అంతే. రాళ్ళకు పేర్లు లేవు, నంబర్లే. ఏడో నంబరు, పదకొండో నంబరు అన్నిటికన్నా ఎత్తైనవి. పేరు పెడదామని నేనడిగితే, పిలిస్తే పలుకుతాదేటి అన్నాడు. ఇప్పుడు ఆ బోర్డులు చూస్తే ఏమనేవాడో నాకు తెలుసు గానీ అచ్చులో రాయలేను.

మధ్యాహ్నం మా స్నానాల గది ఆయన సొంతం. కిటికీకి అమ్మ పాత దుప్పటి కొట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, పళ్ళేల్లో మందునీళ్ళు పోసి ఫోటోలు కడిగేవాడు. వెనిగరు లాంటి పుల్లటి వాసన ఇల్లంతా కమ్ముకునేది. చింతపండు పులుసులో కూడా అదే వాసన వస్తోందని అమ్మ సణిగేది. ఎవరికైనా స్నానం కావాలంటే సాయంత్రం దాకా ఆగాలి. కడిగిన ఫోటోలను కిటికీ అద్దానికి అతికించి ఆరబెట్టేవాడు. ఆరిన ప్రతిదాని వెనకా నంబరు, తేదీ, నా ఎత్తు రాసేవాడు.

మా ఇంటికి వచ్చినవాళ్ళంతా ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. ఇరుగుపొరుగు వాళ్ళు పెళ్ళికో పుట్టినరోజుకో ఒక ఫోటో తీయమంటే ఆయన వాళ్ళ మొహాల మీదే కాదనేవాడు. అలంకరించుకుని నిలబడ్డ మనుషులంటే ఆయనకు ఏవగింపు. పోనీ పరాయివాళ్ళ సంగతి అనుకుందాం. మా పెద్దమ్మ చనిపోయినప్పుడు దండ వేయడానికి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఐసీ అనే సర్కారు గుర్తింపు కార్డు మీద ఉన్న ఒక్క బొమ్మనూ చనిపోయాక ఆఫీసు వాళ్ళు కార్డుతో పాటు తీసేసుకున్నారు. ఏటా ఆవిడ తద్దినానికి ఖాళీ పీట ముందు దీపం పెట్టేవాళ్ళం. రాళ్ళకి ఫోటోలు తీసినాడు, పెళ్ళానికి తీయనేదు అని అమ్మ నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. తద్దినం రోజు ఆయన ఇసకలోకి పోయేవాడు కాడు, అంతే. ఆయన్ని నేనిప్పుడు మహానుభావుణ్ణి చేయబోవడం లేదు. మా వంశంలో ఎదుటివాళ్ళని చిన్నచూపు చూడటం అనే రోగం ఉంది. ఆయనకు ముదిరింది, నాకు పుట్టుకతో వచ్చింది.

నాకు పదిహేడు నిండేసరికి ఆ చూపు ఆయన వైపే తిరిగింది. సౌందర్యశాస్త్రం చదివినవాళ్ళు రాళ్ళ గురించి ఏం చెబుతారో నాకు తెలియదు గానీ, నాకు అవి ఉత్త రాళ్ళుగా కనపడసాగాయి, ఆయన ఉత్త ముసలాడిగా కనపడసాగాడు. నాతో చదివిన పిల్లలు ఆదివారాలు సినిమాకు వెళ్ళేవాళ్ళు. 'మీ పెదనాన్న ఇంకా రాళ్ళకి పోజులు చెబుతున్నాడా' అని అడిగేవాళ్ళు. స్కూలు గౌను వదిలేశాక నేను ఇసకలోకి వెళ్ళడం మానేశాను. అప్పటికి తీసినవాటిలో ఆయనకు నచ్చి ఉంచుకున్నవే ముప్ఫైకి పైగా ఉన్నాయి. ఇంకా ఏవో తీయాలని ఉండేదేమో, నాకు చెప్పలేదు.

నాకు పంతొమ్మిదో ఏడు వచ్చాక ఒక రాతి క్వారీ వాళ్ళు ఆ జాగా మీద కన్నేశారు. సున్నపురాయి పగలగొట్టి సిమెంటుకు పంపిస్తారని గని ఆఫీసులో చెప్పుకున్నారు. మేకులు పాతారు, ఎత్తైన రాళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు, కాపలా పెట్టారు. పెదనాన్న ఏ ఆఫీసులో అడగాలో ఆ ఆఫీసుల్లో అడిగి, చివరికి ఇపోలో ఒక అధికారిని పట్టుకున్నాడు. ఉంచదగ్గ రాళ్ళు ఉంటే వాటి ఫోటోలు, ఎత్తులు తెచ్చి చూపించు, ఫైలులో పెడతాను, ఆ మేరకు వదిలెయ్యమని రాస్తాను అన్నాడాయన. పెదనాన్న ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మను అడిగి మరీ రెండోసారి కాఫీ పెట్టించుకున్నాడు. నెగటివ్‌లు అంతకుముందు వానాకాలంలోనే బూజు పట్టి పోయాయి, ఆ ఊరి తేమకు ఫిల్ముకీ రొట్టెకీ తేడా లేదు. మిగిలినవి కాగితం మీద ఫోటోలే. వాటిని నంబర్ల వరసన పేర్చి, దారం కట్టి, పెట్టెలో పెట్టుకున్నాడు.

అదే నెలలో నాకు క్లాంగ్ సంబంధం వచ్చింది. అబ్బాయికి ఓడరేవులో ఉద్యోగం, స్కూటరు ఉంది, టౌనులో ఇల్లు. సంబంధం తెచ్చిన పెళ్ళిళ్ళ పేరమ్మ మా వంటింట్లో కూర్చుని, వక్క కొరుకుతూ, అమ్మ చెవిలో ఒక మాట వేసింది. పిల్ల గని ఇసకలో మోకాళ్ళు కనపడేలా ఒంటరిగా తిరిగిన ఫోటోలు ఉన్నాయట, అవి ఆఫీసుల్లో మగాళ్ళ చేతుల్లోకి పోతాయట, అబ్బాయి వాళ్ళ చెవిన పడితే ఏం బావుంటుంది అని. అమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. ఫోటోలు కాల్చెయ్యమని నేనే అన్నాను. అమ్మ నా నోరు మూసింది.

"బతికున్న మనిసి ఫోటో కాల్సకూడదే. సింపకూడదు. నిన్ను మట్టుకు తీసేద్దుం. బావగారికి కావలసినవి రాళ్ళే గదా. రాళ్ళన్నీ ఆయనకే ఉంటాయి."

ఈ మాటలో ద్రోహం వెతక్కండి. అమ్మ నిజంగానే అలా అనుకుంది. రాళ్ళ పిచ్చివాడికి రాళ్ళు వదిలేసి, తన పిల్లను తాను తెచ్చుకుంటే ఎవరికీ నష్టం లేదనుకుంది. ఆయన గని ఆఫీసుకు పోయిన పూట పెట్టె తీసి, దారం ముడి ఎలా ఉందో గుర్తు పెట్టుకుని విప్పింది. కూరగాయలు కోసే చాప మీద కూర్చుని మొదటిది తనే కోసింది. కత్తెర పక్కకు జారి రాతి అంచు కాస్త తెగిపోయింది. అయ్యో అని ఆగిపోయింది. అప్పుడు కత్తెర నేను తీసుకున్నాను.

అమ్మ బలవంతం చేసిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. చెయ్యలేదు. నాకు కుట్టుపని బాగా వచ్చు, నా కత్తెర జారదు. జడల చివర్లు, మోచేతుల వంపులు, గౌను కుచ్చెళ్ళు, అన్నీ గీత మీద పోయినట్టు కోశాను. ఒక్కొక్క ఫోటోలోంచి నేను ఊడి పడుతుంటే హాయిగా ఉంది. ఆ ఎండ, ఆ చెమట, ఆ స్కూలు పిల్లల నవ్వులు, ఆ పిచ్చివాడి పక్కన గడిపిన ఆదివారాలు, అన్నీ ఊడిపోతున్నట్టు ఉంది. కోసిన ముక్కలు ఎవరి కాళ్ళ కిందా పడకూడదని అమ్మ వాటిని పసుపు నీళ్ళలో నానబెట్టి, ఇంటి వెనక గనిమడుగులో కలిపింది. రాళ్ళను మళ్ళీ నంబర్ల వరసన పేర్చి, అదే ముడి వేసి, పెట్టెలో పెట్టాం.

ఆఫీసుకు వెళ్ళే రోజు పెదనాన్న నన్ను కూడా రమ్మన్నాడు. కొలత ఎవరో చూపిస్తే నమ్మకం కుదురుతుందని. రానని చెప్పడానికి కారణం దొరకలేదు. ఆయన పొడుగు ప్యాంటు వేసుకున్నాడు, కోటు వేసుకున్నాడు. బస్సులో ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. విప్పి చూసుకోలేదు. వేలితో వరస సరిచూసినా తెలిసిపోయేది. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. అరగంట ప్రయాణం. నోరు విప్పడానికి అరగంట తక్కువేం కాదు.

ఆ అధికారి దారం విప్పి మొదటి ఫోటో పైకెత్తాడు. కిటికీ వెలుతురు కంతలోంచి వచ్చి ఆయన టై మీద పడింది. ఆయన ఆ కంతకు కన్ను ఆనించి పెదనాన్న వైపు చూసి నవ్వాడు. పక్క బల్ల దగ్గరున్న గుమాస్తాని పిలిచి అతనికీ చూపించాడు. పెదనాన్న రెండోది తీసుకున్నాడు, మూడోది తీసుకున్నాడు, కట్టంతా ఒక్కొక్కటే తిరగేశాడు. ఆ తరువాత నన్ను లేచి నిలబడమన్నాడు. కంతలో ఉండవలసింది ఈ పిల్లే సార్, దీని ఎత్తు వెనక రాసి ఉంది, దాన్ని బట్టి రాయి ఎత్తు కట్టుకోవచ్చు అని చెప్పాడు. నేను మడమలు కలిపి నిలబడ్డాను, అలవాటు కాబట్టి. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. లేని పిల్లతో రాయిని ఎలా కొలుస్తాం, ఇందులో ఇది కొండో గులకరాయో ఎలా తెలుస్తుంది, మళ్ళీ ఫోటోలు తీసి తీసుకురండి అన్నాడు. అప్పటికే కంచె పడిందని పెదనాన్న చెప్పాడు. అయితే ఏం చెయ్యలేనన్నాడాయన.

తిరుగు బస్సులోనూ ఆయన ఆ కట్టను ఒళ్ళోనే పెట్టుకున్నాడు. మా స్టాపు దగ్గర పడుతుండగా కట్టలోంచి ఒక ఫోటో తీసి, కంత అంచు మీద బొటనవేలు నడిపించాడు.

"సక్కగా కోసినావు వరాలూ. రాయి అంచు ఎక్కడా తెగనేదు."

అమ్మ కోసిన మొదటిది పక్కన పెట్టి ఈ మాట అన్నాడు. ఆ తరువాత ఆయన నాతో మామూలుగానే ఉన్నాడు. తిట్టలేదు, అమ్మతో అనలేదు. కెమెరాను మళ్ళీ ముట్టుకోలేదు. ఆదివారాలు వసారాలో కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకునేవాడు, పెట్టుకుని మళ్ళీ విప్పేసేవాడు. నా పెళ్ళికి ముందు వరసలో కూర్చుని భోజనం చేశాడు. క్వారీవాళ్ళు మధ్యాహ్నం అన్నాల వేళకు మందు పేల్చేవాళ్ళు. కిటికీ అద్దాలు గలగలమనేవి, అమ్మ అన్నం గిన్నె మూత చేత్తో అదిమి పట్టుకునేది. ఏడో నంబరు, పదకొండో నంబరు అలా పోయాయి. ఇంకా ఎన్నో పోయాయి. పెళ్ళయ్యాక మా ఆయనకు ఒకరోజు ఈ ఫోటోల సంగతి చెప్పాను, అమ్మ కోసిందని చెప్పాను. మా వాళ్ళకి ఏ ఫోటోల ఊసూ తెలియదే, ఎవరు చెప్పారు మీకు అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ పేరమ్మ వక్క కొరుకుతూ అల్లిన కథ అది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మేము తొక్కాం గానీ, కడుక్కునే పని పెట్టుకోలేదు.

కొన్నాళ్ళకు క్వారీ ఏ కారణం చేతనో మూతపడింది. మిగిలిపోయినవాటికి ఇప్పుడు గేటు, ఒంటె, టికెట్టు. పెదనాన్న పెట్టెను, ఇల్లు అమ్మేటప్పుడు, మా తమ్ముడు ఇపోలో పాత సామాన్ల దుకాణానికి ఇచ్చేశాడు. లోపల ఏముందో చూడలేదన్నాడు. అక్కడి నుంచి ఆ ఫోటోలు పార్కువాళ్ళ చేతికి వచ్చాయి. వాళ్ళకు కంత నచ్చింది. నచ్చకేం చేస్తుంది? రాయిని చూడటానికి వచ్చినవాళ్ళు కాదు వాళ్ళు, తమను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు. ఒకప్పుడు రాయి ఎంత ఎత్తో తెలియడానికి ఒక మనిషి ఎండలో నిలబడేది. ఇప్పుడు మనుషులు ఎంత బావున్నారో తెలియడానికి రాళ్ళు నిలబడుతున్నాయి. వీళ్ళని తిట్టడానికి నాకు బోలెడంత ఓపిక ఉంది. కానీ ఆ గదిలో దీపం ముందు నిలబడి ఎంత తిట్టుకున్నా, వాళ్ళెవరూ కత్తెర పట్టలేదన్న సంగతి మరుగున పడలేదు.

మ్యూజియం గదిలో రొహానా అని ఒక ఆఫీసరమ్మ ఉంది. మలయ్ అమ్మాయి, చిన్నదే, తలకు గుడ్డ కట్టుకుని, మెడలో పార్కు బిళ్ళ వేసుకుని. ఈ ఫోటోలు తీసినాయన పేరు నాకు తెలుసు అన్నాను. ఆమె కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది. నవ్వుతుందేమో అని చూశాను, నవ్వలేదు. ఫోటో వెనక తెలుగులో రాసిన అంకెలు, అక్షరాలు ఏమిటో తమకెవరికీ తెలియలేదని, తమిళం చదివేవాళ్ళని అడిగినా కుదరలేదని చెప్పింది. తన దగ్గరున్న ఆ రాతల నకలు చూపిస్తే చదివి వినిపించాను. నంబరు పధ్నాలుగు. తేదీ. వరాలు, నాలుగు అడుగుల పదకొండు అంగుళాలు. ఆమె లేచి వెళ్ళి ఒక ఫారం తెచ్చింది. గోడ మీద రాత మార్చాలంటే అది నింపాలట.

మొదటి గడి, ఫోటో తీసినవారి పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన పేరు పూర్తిగా రాశాను, కిరాణి అని కూడా రాశాను. రెండోది, చిత్రంలో ఉన్నవారు. నా పేరు రాశాను. మూడోది, వస్తువుకు నష్టం జరిగి ఉంటే ఎవరి వల్ల. అక్కడ పెన్ను ఆగింది. మీ నాయనమ్మా నేనూ కోశామని ప్రియకు మెల్లగా చెప్పాను. నా భుజం మీద నుంచి చదువుతున్న ప్రియ వంగి నా చెవిలో చెప్పింది.

"నాయనమ్మ సేసినాది అని రాసెయ్ అత్తా. ఆవిడ ఇప్పుడు లేదు గదా. ఎవరడుగుతారు లా?"

పిల్ల ప్రేమతోనే అంది. నిజంగానే ఎవరూ అడగరు. అమ్మ పోయి చాలా కాలమైంది, మొదటిది కోసింది కూడా అమ్మే. అద్దం వెనక ఉన్న మూడింటినీ ఇంకోసారి చూశాను. మూడింట్లోనూ రాతి అంచు ఎక్కడా తెగలేదు. ఆ గడిలోనూ నా పేరే రాశాను. దాని కింద కారణం అని ఒక్క గీత ఇచ్చారు. ఒక్క గీతలో ఏం పడుతుంది? సిగ్గుపడి అని మలయ్‌లో ఒక్క మాట రాసి కాగితం తిప్పి ఇచ్చాను. రొహానా చదివింది. నా వైపు చూసి, కాస్త తగ్గిన గొంతుతో, ఎవరిని చూసి సిగ్గు ఆంటీ అని అడిగింది.

"మా పెదనాన్నని చూసి" అన్నాను.

ఆమె పెన్ను తీసుకుని, నేను రాసిన మాట పక్కన, అది కూడా రాసుకుంది.